నీలం తిరిగిన వెల్లుల్లితో నార్త్‌డేల్ దాకా

డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ వెళ్లేవాళ్లు కొండలు చూడటానికో, బంధువుల పెళ్లికో వెళతారు. నేను మాత్రం ఒకావిడ ఆవకాయ మీద కుళ్లుతో వెళ్లాను. దక్షిణాఫ్రికాకు కొత్త జెండా వచ్చిన తొలి సంవత్సరాలవి. మావారు వంతెనల ఇంజనీరు, నేను లెక్కల టీచరును. డర్బన్‌లోనే రిజర్వాయర్ హిల్స్ అనే పేటలో అద్దెకుండేవాళ్లం. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన మాలాంటి కుటుంబాలూ, చెరకు తోటల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలూ కలిసి ఉగాదికి భోజనాలు పెట్టుకునేవాళ్లం. తెనాలి పిల్లను కదా, వెల్లుల్లి ఆవకాయ నా వంతు అని ముందే చెప్పి పెట్టాను. తీరా అందరి ముందూ జాడీ మూత తీస్తే, వెల్లుల్లి రేకలన్నీ మైలుతుత్తం రంగులో ఉన్నాయి.

ఎవరూ ముట్టుకోలేదు. పక్కనే సరస ఆంటీ జాడీ. అందులో రేకలు తెల్లగా, నూనెలో నిగనిగలాడుతున్నాయి. సరస ఆంటీది పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని నార్త్‌డేల్, వాళ్లు తాతల కాలంలోనే ఈ దేశం వచ్చారు. తెలుగులో నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడలేదు. అలాంటావిడ ఆవకాయను మావారు రెండోసారి అడిగి వడ్డించుకుని, ఇంటికొచ్చే దారిలో "రంగు సంగతి వదిలెయ్, రుచి కూడా ఆవిడదే బావుంది" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతటితో ఆగితే బాగుండేది. భోజనాల ఏర్పాట్లు చూసేవాళ్లు ఫోన్ చేసి, వచ్చే ఉగాదికి ఆవకాయ సరస ఆంటీ ఒక్కరే తెస్తే చాలు కదా అని మెత్తగా అన్నారు. ఈసారికి నన్ను తేనివ్వండని బతిమాలాను. ఇక్కడ మామిడికాయలు డిసెంబరులో వస్తాయి. ఈ ఒక్కసారి కుదరకపోతే ఆ బల్ల మీద నా జాడీకి చోటుండదు.

అందుకే సిగ్గు విడిచి సరస ఆంటీకే ఫోన్ చేసి, నేర్చుకుంటానన్నాను. "యా, శనివారం రా" అంది ఆంటీ.

పొద్దున్నే బస్సులో ఊళ్లోకి దిగి ముందు మార్కెట్‌కి వెళ్లాను. ఎనిమిది లోపు వెళితే సరుకు ఏరుకోవచ్చు. పోయినసారి కొన్నలాంటి వెల్లుల్లే కనిపించింది. పెద్ద పెద్ద గడ్డలు, తెల్లటి పొర, అడుగున వేళ్లు నున్నగా గీకేసి ఉన్నాయి. పక్క బుట్టలో చిన్నవి, గులాబి చారలతో, వేళ్లు మీసాల్లా వేలాడుతూ, మట్టి అంటుకుని ఉన్నాయి. "పెద్దవి ఓడలో వచ్చినవి, చిన్నవి మన నేలవి" అన్నాడు కొట్టతను. రెండు రకాలూ తీసుకున్నాను.

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కి మినీబస్సు టాక్సీ ఎక్కాను. ఛార్జీ పదీ పన్నెండు రాండ్లు. నిండితేగానీ కదలదు, కదిలాక గంటకు పైగా పడుతుంది. ముందు సీటు జోలికి వెళ్లకండి. వెనకనుంచి చేతులు మారుతూ వచ్చే డబ్బంతా తీసుకుని చిల్లర సర్దే పని అక్కడ కూర్చున్నవాళ్లదే. తెలియక అక్కడే కూర్చున్నాను, లెక్కల టీచరునైనా నాకు చెమటలు పట్టాయి. నా కాళ్ల దగ్గర సంచిలో పోయినేటి నీలం ఆవకాయ సీసా ఉంది, ఎక్కడ తప్పు జరిగిందో ఆంటీకి చూపించడానికి.

"మామా, ఆ సంచిలో ఏముంది? నాకు ఇప్పుడే ఆకలేస్తోంది" అన్నాడు జూలూ డ్రైవరు. అక్కడ మామా అంటే అమ్మా అని.

"పచ్చడి. పాడైంది."

"హావ్! పాడైందే ఇంత వాసనొస్తే, బాగున్నది ఎప్పుడు తెస్తావు?"

నా ఆవకాయను ఆ దేశంలో మొదట మెచ్చుకున్న మనిషి అతనే. దిగేటప్పుడు నాకు రావలసిన చిల్లర కూడా తీసుకోబుద్ధి కాలేదు.

ఊళ్లో ఇంకో టాక్సీ మారి నార్త్‌డేల్ చేరాను. ఆంటీ గేటు దగ్గరే నిలబడి ఉంది. "కమ్, కమ్. కాళ్లు కడుగు, టీ తాగు." వంటిల్లు చూశాక నా కుళ్లు రెట్టింపైంది. పొయ్యి పక్కన మేకుకి పాత స్టాకింగ్ ఒకటి, ఆడవాళ్లు తొడుక్కునే పల్చటి పొడుగు మేజోడు, వేలాడుతోంది. అందులో గడ్డకీ గడ్డకీ మధ్య ముడి వేసిన వెల్లుల్లి. కావలసినప్పుడు కింది ముడి దగ్గర కత్తిరించుకుంటుందట. ఇంత చిన్న తెలివి నాకెందుకు రాలేదని ఏడుపొచ్చింది.

సీసా చూపించాను. ఆంటీ నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.

"ఎల్లిపాయ ఎక్కడ పెట్టినావు?"

"ఫ్రిజ్‌లో." మా ఇంట్లో మొదటి పెద్ద ఫ్రిజ్ అది. ఉప్పు తప్ప అన్నీ అందులోనే దాచేదాన్ని.

"నో మ్యాన్! చలి తగిలిన ఎల్లిపాయ, పులుపు తగిలితే నీలం అవుతది. విషం కాదు, కానీ ఎవడు తింటడు?" ఓడలో వచ్చే పెద్ద గడ్డలు చల్లటి గదుల్లో ఉండి వస్తాయట. మన నేల గడ్డల్ని వెచ్చగా, గాలి ఆడేలా కొన్ని వారాలు వేలాడదీసి, అప్పుడు ఆవకాయలో వెయ్యాలట. బొటనవేలితో నొక్కి, గట్టిగా, బరువుగా ఉన్నవే నావాటిలోంచి ఏరి ఇచ్చింది.

మూలన కుర్చీలో ఆంటీ వాళ్లమ్మ కూర్చుని ఉంది. అందరూ అవ్వ అనేవారు. చూపు ఆనదు. నా గొంతు వినగానే "ఏటమ్మా, యే వూరు మీది?" అంది. చెప్పాను. ఇక ఆగలేదు. నోరారా తెలుగు మాట్లాడి ఎన్నేళ్లయిందో, తన తల్లి గురించి, చెరకు తోట గురించి చెబుతూ నా చెయ్యి వదలలేదు. ఇద్దరం పకపకా నవ్వాం. తలెత్తి చూస్తే ఆంటీ స్టాకింగ్ పట్టుకుని నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఉగాది నుంచీ అద్దంలో చూస్తున్నదే.

అవ్వ నా సీసాలో వేలు ముంచి నాకి, కారం బావుందంది. తర్వాత గొంతు తగ్గించి ఇంకా ఏదో చెప్పింది.

"ఏం అన్నది?" అంది ఆంటీ. "తిట్టితే నాకు మొత్తం తెలుస్తది. ఇది తిట్టు కాదు."

"నీ ఆవకాయ బావుంటుందంటోంది" అన్నాను.

"అంత సేపు మాట్లాడింది. అంతేనా?"

అంతే కాదు. నా కుళ్లే అడ్డొచ్చింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. "నా పిల్ల సేతి ఊరగాయ ముందర మాయమ్మది కూడా దిగదుడుపే. దానికి నేనెప్పుడూ సెప్పలేదు" అందని.

ఆంటీ అటు తిరిగి చాలాసేపు సింకులో గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది.

ఇంటికి వచ్చి నేనూ స్టాకింగ్ కట్టాను. మీకు చెప్పదగ్గ చిట్కా ఒక్కటే: అడుగున వేళ్లున్న గడ్డలే కొనండి, వాటిని ఫ్రిజ్ దరిదాపులకు పోనివ్వకండి. ఆ ఏడు నా రేకలు ముత్యాల్లా తెల్లగానే ఉన్నాయి. ఈర్ష్య పోయిందా అంటే పోలేదు, ఉగాది బల్ల మీద ఆవిడ జాడీ నాదానికన్నా ముందే ఖాళీ అయింది. ఉగాది నాటికి అవ్వ లేదు. ఆంటీ తిన్నగా నా దగ్గరికి వచ్చి, నా ఆవకాయ రుచి చూసి, బాగుందని తలూపి, "ఆ రోజు మా అమ్మ మాట, మళ్లీ చెప్పు" అంది. మావారితో సహా అందరూ వింటున్నారు. నా జాడీ పక్కన నిలబడి, సరస ఆంటీ ఆవకాయ ముందు అవ్వ తల్లిది కూడా దిగదుడుపేనని, అవ్వ ఆ మాట కూతురికెప్పుడూ చెప్పలేదని, ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాను.