బాలమణి రాయని కాగితం

పర్శరాములుది బీబీపేట. ఇరవై ఎనిమిదేళ్ల కింద ఎల్లారెడ్డి పక్కనున్న మా ఊరికి ఇల్లరికం వచ్చాడు. మామ పోచన్నకు బాలమణి ఒక్కతే కూతురు. రెండెకరాల పది గుంటల భూమి ఉండేది, అందులో సగం రాళ్లే. వచ్చిన మొదటి ఎండాకాలమే పర్శరాములు గడ్డపార పట్టాడు. రాళ్లు ఏరి గట్లు పెట్టాడు, మడులు చదును చేశాడు, బోరు వేయించాడు. పోచన్న పోయాక విరాసత్ అయి, వారసత్వంగా భూమి కూతురి పేరుకు మారింది. పాస్‌బుక్కు మీద బాలమణి ఫొటో వచ్చింది. ఆ ఇంట్లో దాని గురించి ఎప్పుడూ మాట రాలేదు. దున్నేది అతను, నాట్లు వేసేది ఆమె. పట్టా ఎవరి పేరున ఉంటే ఏమిటి అనుకున్నారు.

వాళ్లకు పిల్లలు కలగలేదు.

ఇల్లరికం వచ్చిన మనిషికి ఊళ్లో మాట పడక తప్పదు. నీళ్ల వంతు దగ్గరో, కల్లు దుకాణం దగ్గరో మాటా మాటా పెరిగితే చివరికి "నీదేమున్నదిర ఈడ?" అనేవాడు ఒకడుంటాడు. పర్శరాములు ఆ మాట చాలాసార్లు విన్నాడు. కానీ మామ ఆస్తికి ఆశపడి వచ్చాడని మాత్రం ఎవరూ అనకూడదని లోపల గట్టిగా పెట్టుకున్నాడు.

నాలుగేళ్ల కింద బాలమణికి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు కామారెడ్డిలో డయాలసిస్. పొద్దున బస్సెక్కగానే ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకునేది. ఒకరోజు లింగంపేట దాటినా మూసుకోలేదు.

"నీ పేర ఒక కాగితం రాసిపెడ్త," అన్నది.

"ఏం కాగితం?"

"భూమిది. నేను పోయినంక ఎవలన్న నిన్ను లెవ్వగొడితే ఏం జేస్తవు?"

"నువ్వు యాడికి పోతున్నవే? ఊకో."

నెల తర్వాత మళ్లీ అడిగింది. ఈసారి అతనికి కోపం వచ్చింది. "మంచంల వడ్డ పెండ్లాంతోని భూమి రాయించుకున్నడని ఊరంత అంటది. గా పేరు నాకొద్దు. నీ మొగణ్ణి, నాకు గాక ఇంకెవలకు వస్తది?"

బాలమణి మూడోసారి అడగలేదు. పోయిన చలికాలంలో కన్నుమూసింది. తలకొరివి పర్శరాములే పెట్టాడు.

దినాలు అయిపోయాక పాస్‌బుక్కు, మరణ ధ్రువపత్రం పట్టుకొని తహసీల్ ఆఫీసులో విరాసత్‌కు దరఖాస్తు పెట్టాడు. నోటీసు ఇచ్చారు. గడువులోపల అభ్యంతరం వచ్చింది. పెట్టింది భూపాల్, పోచన్న అన్న కొడుకు. ఆ సంగతి చెప్పడానికి భూపాల్ తనే ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు గానీ కళ్లు పైకెత్తలేదు.

"బావా, నీ మీద నాకేం కోపం లేదు. గని చిన్నబాపు భూమి మా ఇంటి భూమి. మాకే వస్తదని వకీలు అన్నడు."

"నేనెవణ్ణిర మరి?"

భూపాల్ లేచి చెప్పులు వేసుకున్నాడు.

మర్నాడు పర్శరాములు కామారెడ్డి పోయాడు, డయాలసిస్‌కు పోయే అదే బస్సులో. కోర్టు దగ్గర గ్లోరీ అనే వకీలమ్మ ఉన్నదని ఎవరో చెప్పారు. ఆమె కాగితాలన్నీ చదివింది.

"ఈ రెండెకరాలు మీ ఇంటామెకు ఎట్ల వచ్చినయి?"

"వాళ్ల బాపు నుంచి, మేడం."

"పిల్లలు?"

"లేరు."

గ్లోరీ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్త. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి ఉండి, పిల్లలు లేకుండ ఆడామె చనిపోతే అది భర్తకు రాదు. తిరిగి ఆమె తండ్రి వారసులకు పోతది. హిందూ వారసత్వ చట్టం గట్లనే ఉన్నది."

"ఇరవై ఎనిమిదేండ్లు నేను జేసిన భూమి, మేడం. గా రాళ్లన్ని నేనే ఏరిన."

"నమ్ముతున్న. కోర్టుకు పోవచ్చు, గని గెలుస్తమని నేను చెప్పలేను. వీలునామా ఏమన్న రాసిందా?"

"రాస్త అన్నది. నేనే వద్దన్న."

ఆమె కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. పర్శరాములే అడిగాడు, "రాస్తె వస్తుండెనా?"

"వస్తుండె. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందట సంతకం పెట్టినా సరిపోతుండె. స్టాంపు గూడ అక్కర్లేదు."

ఇంకో ఇరవై గుంటల కాగితం కూడా అందులో ఉన్నది. ఎనిమిదేళ్ల కింద వడ్లమ్మిన డబ్బుతో బాలమణి పేరున కొన్నది. అది తండ్రి ఇచ్చింది కాదు కనుక భర్తకే వస్తుందని గ్లోరీ చెప్పింది. పర్శరాములు తలూపాడు గానీ ఆ మాట అతని చెవికెక్కినట్టు లేదు.

వారం తిరక్కముందే ఒక మనిషి ఇంటికి వచ్చాడు. ఎల్లారెడ్డిలో దరఖాస్తులు రాసి బతికేవాడు. పాత తారీఖు వేసి వీలునామా తయారు చేస్తానన్నాడు. సాక్షులు కూడా తన దగ్గరే ఉన్నారట. బాలమణి సంతకం ఉన్న బ్యాంకు కాగితం ఒకటి అడిగి తీసుకున్నాడు. రెండు రోజులకు న్యూస్‌పేపరు అంచు మీద అదే సంతకం పదిసార్లు పెట్టి తెచ్చాడు.

"సూడు, గుర్తు వడ్తరా ఎవలన్న?"

బాలమణి బడికి పోలేదు. పెళ్లయ్యాక పొదుపు సంఘంలో సంతకం కావాలంటే, పర్శరాములే నెల రోజులు పలక మీద రాయించాడు. ‘ణి’ దగ్గర ఎప్పుడూ ఆగేది. ఆ ఆగడం కూడా ఈ మనిషి అచ్చంగా దించాడు. పర్శరాములు న్యూస్‌పేపరు లాక్కున్నాడు.

"లే. ఫో ఈడికెళ్లి."

"భూమి పోతది మల్ల."

"పోనీ."

ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాడు. అది కాలుతుంటే ఏడ్చాడని పక్కింటి సాలవ్వ చెప్పింది. బాలమణి పోయిన రోజు కూడా అతను అట్లా ఏడవలేదట.

రెండెకరాల పది గుంటలు భూపాల్ పేరుకు మారాయి. పోచన్న కట్టిన ఇల్లు కూడా అదే దారిన పోయింది. "ఉండు బావా, నిన్నెవలు పొమ్మన్నరు? పొలం గూడ కౌలుకు నువ్వే చేసుకో," అన్నాడు భూపాల్. ఆ మాట మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఒకరు ఉండమంటే ఉండే ఇంట్లో పర్శరాములుకు నిద్ర పట్టలేదు. తనకు మిగిలిన ఇరవై గుంటల మూలకు రేకుల షెడ్డు వేసుకొని అక్కడికి మారాడు. వానాకాలం వచ్చింది. భూపాల్ ట్రాక్టరు అతను చదును చేసిన మడుల్లో దమ్ము చేసింది. ఆ నాలుగు రోజులూ పర్శరాములు షెడ్డు నుంచి బయటికి రాలేదు. బోరు ఇప్పుడు భూపాల్‌ది. రోజు విడిచి రోజు ఇటు నీళ్లు వదులుతాడు. ఇద్దరికీ మాటలు మాత్రం లేవు.

శ్రావణంలో ఇరవై గుంటలకు కొత్త పాస్‌బుక్కు వచ్చింది. యాభై నాలుగేళ్ల వయసులో అతని పేరున వచ్చిన మొదటి పాస్‌బుక్కు. వ్యవసాయ శాఖ అమ్మాయి రైతు బీమా ఫారం నింపడానికి షెడ్డు దగ్గరికి వచ్చింది.

"నామినీ ఎవరు అన్నా? భార్య పేరు రాయాల్నా?"

"లేదు బిడ్డా. పోయింది."

"మరి ఎవరు? తర్వాత చెప్తవా?"

"తర్వాత వద్దు," అన్నాడు పర్శరాములు. బీబీపేటలో ఉన్న తమ్ముడి బిడ్డ ప్రవళిక పేరు చెప్పాడు. ఆ పిల్లను చూసి రెండేళ్లయింది. అమ్మాయి రాసుకొని పెన్ను ఇచ్చింది. అతను సంతకం పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, ఆమె బండి రోడ్డెక్కేదాకా అక్కడే కూర్చున్నాడు.