నాగరత్నక్క తన మీద వేసుకున్న వాక్యం

నిన్న పొద్దున ఆఫీసు గ్రూపులో నాగరత్న చనిపోయిందన్న మెసేజ్ చూసి ఇంకెవరో నాగరత్న అనుకున్నాను. కావాలనే అలా అనుకున్నాను. ఫోన్ పక్కన పెట్టి టీ తాగాను.

రెండో మెసేజ్‌లో ధర్మవరం అని ఉంది. గుండెపోటు అని ఉంది.

మా నాగరత్నక్కే.

సాయంత్రం ఆమెను సాగనంపి వచ్చాం. అక్కడ ఒక మాట చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అనంతపురంలో మా చిన్న ఆఫీసు బోరు మోటర్ల స్టార్టర్లు చేసే కంపెనీకి సపోర్ట్ చూస్తుంది. రైతు ఫిర్యాదు చేస్తే ఒక టికెట్. ముందు మేమే రాసేవాళ్లం, మేమే మూసేవాళ్లం. తర్వాత ఆ పని ఏఐ అసిస్టెంట్‌కి వెళ్లింది. టికెట్లు మార్చడానికి దానికి కొన్ని టూల్స్ ఇచ్చారు. ఏ టూల్ ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అని రాసిపెట్టడం నాగరత్నక్కకూ నాకూ అప్పగించిన పని. మేం రాసింది చదివే అది నడుచుకుంటుంది.

అక్క ఏళ్ల తరబడి ఫోన్లు ఎత్తిన మనిషి. నేను రాసిన ప్రతి లైనునూ పట్టుకునేది. "ఇది నీకు తెలుసప్పా. దానికేం తెలుసు? అది మన ఊర్లు చూసిందా?"

నాకు ఒళ్లు మండేది.

టికెట్ మూసే టూల్‌కి నేనొక వాక్యం రాశాను. పని అయిందని మెకానిక్ చెబితే, కస్టమర్ ఫోన్ నంబర్‌తో వెతికి టికెట్ మూసేయాలి.

"నంబరు ఒక్కొక్కరికి ఒకటి ఉండాదా? చూసినావా?" అని అడిగింది అక్క.

"చెక్ చేశానక్కా" అన్నాను.

చెక్ చేయలేదు.

ముదిగుబ్బ పక్క ఒక పల్లెలో ఎవరి మోటరు చెడినా ఎరువుల అంగడి ఓబులేసన్న నంబరే ఇస్తారు. కంపెనీవాళ్లతో ఆయనైతే గట్టిగా మాట్లాడతాడని. ఆ ఒక్క నంబరు మీద ఏడు టికెట్లు ఉన్నాయి. మెకానిక్ ఒక మోటరు బాగుచేసి మెసేజ్ పెట్టాడు. అసిస్టెంట్ నేను రాసినట్టే చేసింది. ఏడూ మూసేసింది.

మూడు రోజులు మాకెవరికీ తెలియలేదు.

నాలుగో రోజు గంగమ్మ అనే ఆమె ఎవరి ఫోన్ నుంచో చేసింది. "బాగయిందని మీ కంప్యూటర్లో ఉండాదంట. యాడ బాగయింది? శెనక్కాయ చెట్లు ఎండిపోతాండాయి."

వేరుశనగకు ఊడలు దిగే సమయం అది. ఇంకో తడి తప్పితే చేను వదులుకోవాల్సిందే.

అక్క ఓబులేసన్నకు ఫోన్ చేసింది. ఆయన పెళ్లికని గుంతకల్లు వెళ్లాడు. మిగతా ఐదుగురి నంబర్లు మా దగ్గర లేవు.

"మెకానిక్‌ను రమ్మను. నువ్వూ లెయ్" అంది.

బోర్లకు త్రీఫేజ్ కరెంటు మధ్యాహ్నం రెండింటి దాకానే. మేం పల్లె చేరేసరికి పదిన్నర. ఒక్కొక్కరి పేరు అడుగుతూ బోరు నుంచి బోరుకు పోయాం. చీర ఎత్తి దోపుకుని అక్క ముందు, వెనక మెకానిక్, ఆ వెనక వాచీ చూసుకుంటూ నేను.

గంగమ్మ చేను చివరిది. ఒంటిగంటా నలభై అయింది. మెకానిక్ చేతిలోంచి స్క్రూ జారి మట్టిలో పడింది. ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని వెతికాం.

"నిదానంగా చెయ్యప్పా" అంది అక్క.

రెండుకు ఐదు నిమిషాల ముందు నీళ్లు పడ్డాయి. ఒక సాలు తడిసిందో లేదో, కరెంటు పోయింది.

"రేపు పొద్దన్నుంచి పారతాదిలే" అంది గంగమ్మ, మమ్మల్ని ఓదారుస్తూ.

సగం చేను నిలిచింది. సగం పోయింది.

తిరుగు బస్సులోనే అక్క ఆ వాక్యం మార్చింది. నంబరు ఒకటే అయినా మనుషులు వేరు కావచ్చు. పేరు, ఊరు, మోటరు మూడూ సరిపోలితేనే ఆ ఒక్క టికెట్ మూయాలి. అనుమానం వస్తే మూయకుండా మనిషికి అప్పగించాలి. ఇప్పటికీ అదే నడుస్తోంది.

మర్నాడు మీటింగ్. మేనేజర్ సార్ పాత వాక్యం స్క్రీన్ మీద పెట్టి ఎవరు రాశారని అడిగారు. నేను టేబుల్ వైపు చూస్తూ కూర్చున్నాను.

"నేనే సార్" అంది అక్క.

ఆమెను మళ్లీ ఫోన్ల మీద కూర్చోబెట్టారు. ఆమె కుర్చీ నాకిచ్చారు.

మెట్ల మీద ఎందుకక్కా అని అడిగాను. "నువ్వు ప్రొబేషన్‌లో ఉండావు, తీసేస్తారు. నన్ను తీయరు" అంది. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగి, "కోపం లేదనుకోవద్దు. తప్పు రాసినందుకు కాదు, చెక్ చేసినానని చెప్తివే, దానికి. నిజం నేను చెప్పను. నీకు చేతనైనప్పుడు నువ్వే చెప్పు."

ఉద్యోగం కన్ఫర్మ్ అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక ఇంకొన్నాళ్లు చూద్దామనుకున్నాను. ఆమె ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. నేను పిరికివాడిని, వేరే మాట లేదు.

నిన్న ఆమె ఇంటి ముందు మా ఆఫీసాయన ఒకరు అన్నారు: "మంచి మనిషి. ఆ ఏడు టికెట్ల తప్పొక్కటే మచ్చ." పక్కనే నిలబడి అక్క కూతురు అఖిల వింది. నేనూ విన్నాను. అప్పుడూ నోరు మూసుకునే ఉన్నాను.

ఈ పోస్ట్‌లో సార్‌ని ట్యాగ్ చేశాను. అఖిలనూ చేశాను.

అఖిలా, ఆ వాక్యం మీ అమ్మ రాయలేదు. నేను రాశాను. చెక్ చేశానని మీ అమ్మకు అబద్ధం చెప్పాను. మీ అమ్మ మీద ఏ మచ్చా లేదు.

వెళ్లిరా అక్కా. ఎవరి తప్పూ నీ మీద వేసుకోనక్కర్లేని చోట నెమ్మదిగా ఉండు.