తేదీలుగా మారిన ఇంటి నంబర్లు

2022 జూన్‌లో నేను తిరుమలగిరి వైపున్న ఒక ధర్మాసుపత్రిలో సిస్టమ్స్ మేనేజర్‌గా చేరాను. అంతకుముందు ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో డేటాబేస్ పని చూసి రిటైరయ్యాను. ఇది కాంట్రాక్టు ఉద్యోగం. హోదా మేనేజరే గానీ విభాగంలో నాతో కలిపి ఇద్దరమే ఉండేవాళ్లం. రెండో మనిషి సరళ. ఆమె చాలా ఏళ్లు రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పనిచేసి, నలభై దాటాక, కంప్యూటర్ పని నేర్చుకుంటానని తానే అడిగి ఈ గదిలోకి వచ్చింది.

మాకు అప్పగించిన పని హోమ్ కేర్ రికార్డుల తరలింపు. నయం కాని జబ్బుతో మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకు ఆసుపత్రి వ్యాన్‌లో నర్సు వెళ్లి, పుండ్లు కడిగి కట్టు కట్టి, నొప్పి తగ్గే మాత్రలు ఇచ్చి వచ్చే విభాగం అది. వాళ్ల పేర్లు, చిరునామాలు, మందుల వివరాలు ఒకే ఒక పాత కంప్యూటర్‌లో, ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన ప్రోగ్రాములో ఉన్నాయి. వాటిని కొత్త వెబ్ అప్లికేషన్‌లోకి మార్చాలి. ఏ గదిలో కూర్చున్నా, చేతిలోని ఫోన్‌లోనైనా, బ్రౌజర్‌లో తెరిచి చూసుకోగలిగేది అది. అందులో తప్పు దొర్లితే ఎక్కడో ఒక ఇంటికి నర్సు చేరదు. పని మొదలుపెట్టిన రోజే సరళకు ఈ మాట చెప్పాను.

నా భార్య చివరి నెలల్లో నేరేడ్‌మెట్‌లోని మా ఇంటికి ఇలాంటి సేవ నుంచే నర్సు వచ్చేది. ఆమె పోయిన మరుసటి ఏడాది నేను ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంటర్వ్యూలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొదటి వారాలు సరళ ప్రశ్నలతో గడిచాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ అడిగేవే అవి, కాకపోతే చాలామంది మనసులో దాచుకుంటారు. ఆమె పైకే అడిగేది.

"సార్, నేను ఎడిటర్ల రాసిన, సేవ్ గొట్టిన, బ్రౌజర్ల మాత్రం పాతదే అవుపడ్తున్నది. నా మీద దానికేం కోపం?"

బ్రౌజర్ ఒకసారి తెచ్చుకున్న పేజీని దాచుకుని మళ్లీ అదే చూపిస్తుందనీ, కొత్తది తెచ్చుకోమని చెప్పాలనీ వివరించాను. లోకల్‌హోస్ట్ అంటే ఏ ఊళ్లో ఉన్న కంప్యూటర్ అని ఇంకో రోజు అడిగింది. మన ముందున్నదే అన్నాను. "గీ డబ్బాకు గంత పెద్ద పేరెందుకు సార్" అంది. ఎడిటర్ రాసుకోవడానికి, బ్రౌజర్ చూడటానికి, సర్వర్ అడిగింది తెచ్చివ్వడానికి, డేటాబేస్ దాచడానికి. ఈ నాలుగూ వేరువేరని అర్థమయ్యాక ఆమె వేగంగా ముందుకు సాగింది. కౌంటర్‌లో కూర్చునే మనిషికీ, ఫైలు తెచ్చే మనిషికీ, రికార్డు గదికీ మధ్య తేడా ఆమెకు కొత్తది కాదు.

తరలింపుకు ఒక పద్ధతి ఉంది. పాత డేటాబేస్ నుంచి రికార్డులను సీఎస్‌వీ అనే సాదా ఫైలుగా తీస్తాం. అందులో ఒక్కో రోగికి ఒక్కో వరుస ఉంటుంది, వివరాల మధ్య కామాలుంటాయి, రంగులు, గళ్లు ఏమీ ఉండవు. తీసిన ఫైలును ముట్టుకోకుండా ఒక ప్రతి పక్కన పెడతాం. రెండో ప్రతిని శుభ్రం చేసి కొత్త డేటాబేస్‌లోకి ఎక్కిస్తాం.

శుభ్రం చేసే పని సరళ తీసుకుంది. చేయాల్సింది చాలా ఉంది. తిరుమలగిరి ఒక్కటే ట్రిమల్‌గెర్రీ, త్రిముల్‌ఘెరీ, తిరుమల్‌గిరి, టి.గిరి అని నాలుగు రకాలుగా పడి ఉంది. మౌలాలి కొన్నిచోట్ల ఒక మాట, కొన్నిచోట్ల రెండు. మనిషి చదివితే అన్నీ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం అవి వేరువేరు ఊళ్లు. ఒక వైపు ఇళ్లన్నీ ఒకే ట్రిప్పులో చూసి రావాలంటే ఒక ఊరికి ఒకే పేరుండాలి. ఆమె ఓపికగా కూర్చుని అన్నిటినీ ఒక దారికి తెచ్చింది.

శుక్రవారం ఫైలు ఎక్కించాం. వరుసల సంఖ్య అటూ ఇటూ సరిపోయింది. పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు, మందులు మొదటి రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూశాం, సరిగ్గా ఉన్నాయి. తరలింపు పూర్తయిందని నేను సంతకం పెట్టాను. పాత కంప్యూటర్ బల్ల కొత్త ప్రింటర్‌కు కావాలని పరిపాలనాధికారి అడిగారు. బల్ల ఇచ్చి, కంప్యూటర్‌ను మాత్రం పారేయకుండా స్టోర్ గదిలో పెట్టించాను. కొత్తది కుదురుకునే దాకా పాతది చెరపకూడదన్నది మా వృత్తిలో పాత నియమం.

సోమవారం ఉదయం వ్యాన్ డ్రైవర్ యాదగిరి కొత్త అప్లికేషన్ నుంచి తీసిన జాబితా పట్టుకుని మా గదికి వచ్చాడు. వెనకే నర్సు మేరీ.

"సరళక్కా, జెర ఇది సూడు. పెంటయ్య, మౌలాలి, ఇంటి నంబర్ ఆగస్టు పదిహేను. జెండా ఎత్తినంక పోవాల్నా, మిఠాయి పంచకముందే పోవాల్నా?"

"పొద్దుపొద్దుగాల పరాచికాలా యాదగిరన్నా? ఇటియ్యి."

"నేనాడతలేను. నీ కాయితమే ఆడుతున్నది."

జాబితాలో ఇంటి నంబర్ దగ్గర 15-08-1962 అని ఉంది. మరో ఇద్దరికీ అలాగే తేదీలు పడ్డాయి. ఒకరికి నవంబర్ 4 అని ఉంది, సంవత్సరం కూడా లేదు. ఆ ఇద్దరి ఇళ్లూ యాదగిరి ఎరిగినవే. పెంటయ్య మాత్రం గత వారమే చేరిన రోగి, మొదటి మాత్రలు ఆసుపత్రిలోనే ఇచ్చి పంపారు, ఆ ఇంటికి ఎవరూ ఇంకా వెళ్లలేదు.

"నవ్వులాట గాదు," అంది మేరీ. "నిన్న రాత్రితోని ఆయన మాత్రలు ఒడిశినయ్. అవి బయట షాపుల దొరికేటియి గావు. పొద్దుగాల నుంచి ఫోన్ కొడ్తున్న, స్విచాఫ్ వస్తున్నది."

సరళ ముఖం వాడిపోయింది. పుట్టిన తేదీ ఇంటి నంబర్ గడిలో పడిందేమోనని ముందు అనుమానించింది. చూస్తే పుట్టిన తేదీ తన చోట తాను వేరేగా, సరిగ్గానే ఉంది.

ఇక్కడ కొంచెం చెప్పాలి. మా ఊళ్లో ఇంటి నంబర్లు చాలావరకు గీతలతో విడదీసిన మూడు సంఖ్యలు, కొన్ని రెండే. కొన్నిటికి చివర అడ్డగీత (/), దాని పక్కన ఇంకో సంఖ్య. 15-8-62 అన్న ఇంటి నంబర్, తేదీ అనుకుని చూసేవాళ్లకు అచ్చం తేదీలాగే కనిపిస్తుంది.

15-8-62 అయి ఉండవచ్చని నేనన్నాను. కానీ అది అంచనా. మాత్రలు తీసుకెళ్లే వ్యాన్‌కు అంచనా ఇచ్చి ఊరుకోకూడదు. అలాగని గదిలో నిలబడి మాట్లాడుకుంటూ ఉండటమూ కుదరదు. వాళ్లను మౌలాలి వైపు బయలుదేరమనీ, దారిలో ఉండగా ఫోన్ చేస్తామనీ చెప్పి, సరళా నేనూ స్టోర్ గదికి వెళ్లాం.

పాత కంప్యూటర్ చీపుర్ల కట్టకూ విరిగిన స్ట్రెచర్‌కూ మధ్య ఉంది. మానిటర్ తీగ కనిపించలేదు. సరళ కౌంటర్‌కు పరుగెత్తి అక్కడి తీగ ఊడబెరుక్కుని వచ్చింది. అక్కడి గుమాస్తా కేకలు మాకు వినిపిస్తూనే ఉన్నాయి. కంప్యూటర్ లేవడానికి దాని సమయం అది తీసుకుంది. ఈలోగా యాదగిరి రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి రైల్వే కాలనీ దాటానన్నాడు.

పెంటయ్య పేరు తెర మీదికి వచ్చింది. సరళ వేలితో చూపిస్తూ అంకె అంకె చదివింది. పదిహేను, ఎనిమిది, అరవై రెండు.

"గట్ల జెప్పు అక్కా," అన్నాడు యాదగిరి ఫోన్‌లో. "గుట్ట కింది గల్లీ అది. నాకెర్కే."

కాసేపటికి మేరీ ఫోన్ చేసింది. "మాత్ర ఏసినం సార్. ఫోన్ల చార్జింగ్ లేదంట. ఆయన పెండ్లాం, ముసలామె, పొద్దుగాల్నుంచి గేటు కాడ కుర్చీ ఏసుకొని కూసున్నది."

నేరేడ్‌మెట్‌లో నేనూ అలాగే ఎదురుచూసినవాణ్ణి, ఆ కుర్చీ సంగతి ఎవరూ నాకు వివరించనక్కర్లేదు. సరళను టీ తాగి రమ్మన్నాను. ఆమె వెళ్లలేదు.

"పంపినకాడ మంచిగున్నది, చేరినకాడ చెడిపోయి ఉన్నది. నడుమ తొవ్వల ఏమైంది సార్?"

తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ముట్టుకోకుండా పక్కన పెట్టిన ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచాం. టెక్స్ట్ ఎడిటర్ ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, అర్థాలు తీయదు. అందులో 15-8-62 అనే ఉంది. ఎక్కించిన ఫైలులో 15-08-1962 అని ఉంది. ఈ రెండింటి మధ్య జరిగింది ఒక్కటే, సరళ ఊళ్ల పేర్లు దిద్దడం. దానికి ఆమె స్ప్రెడ్‌షీట్, అంటే గళ్లుగళ్లుగా లెక్కలు రాసుకునే ప్రోగ్రాము, వాడింది. ఆఫీసుల్లో అందరి చేయీ మొదట పోయేది దాని మీదికే.

మరో ప్రతి తీసి, స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, ఏమీ చేయకుండా సేవ్ చేయమన్నాను. చేసి మళ్లీ ఎడిటర్‌లో చూసింది. ఆ మూడు ఇంటి నంబర్లూ మళ్లీ తేదీలయ్యాయి.

"నేనేం ముట్టలే సార్," అంది నెమ్మదిగా.

ముట్టనక్కర్లేదు. తేదీలా కనిపించిన ప్రతిదాన్నీ స్ప్రెడ్‌షీట్ తేదీగా తీసుకుంటుంది. అడ్డగీత ఉన్న నంబర్లు, మూడో సంఖ్య వంద దాటినవి తేదీలు కాలేవు కాబట్టి క్షేమంగా ఉన్నాయి. మేము శుక్రవారం చూసిన రెండు పేజీల్లో ఉన్నవి అలాంటివే.

"మళ్ల కౌంటర్ల కూసోవాల్నా సార్?" అని అడిగింది. ఆ మాట ఎవరన్నారని అడిగాను. ఎవరూ అనలేదంది. అయితే మిగతా పని చూద్దామన్నాను.

పరిపాలనాధికారి కొత్తదంతా చెరిపి పాత ఫైలు మళ్లీ ఎక్కించమన్నారు. వినడానికి సులువైన దారే. కానీ అలా చేస్తే ఊళ్ల పేర్లు మళ్లీ నాలుగు రకాలవుతాయి, శని ఆదివారాల్లో నర్సులు కొత్తగా రాసిన వివరాలు పోతాయి. తప్పు ఒక్క గడిలో ఉంది కాబట్టి ఆ ఒక్క గడినే దిద్దాలి. రోగి నంబర్ పాతదానిలోనూ కొత్తదానిలోనూ ఒకటే. దాన్ని బట్టి ఎవరి ఇంటి నంబర్‌ను వారి పేరు దగ్గరికి చేర్చాలి.

ముందు కొత్త డేటాబేస్‌కు ఒక నకలు తీసి, సాధన దాని మీద చేయించాను. మొదట పెంటయ్య ఒక్కడిది మార్చమన్నాను. సరళ ఆదేశం రాసి నడిపించి, తెరను నా వైపు తిప్పింది.

"సార్, అందరూ పెంటయ్య ఇంట్లనే ఉన్నరు."

ఎవరిది మార్చాలో చెప్పే షరతు రాయడం మరచిపోయింది. షరతు లేకపోతే ఆదేశం అందరికీ వర్తిస్తుంది. ఈ పొరపాటు చేయని డేటాబేస్ మనిషిని నేను చూడలేదు. నకలు మీదే చేయడం మంచిదైందని చెప్పి, ట్రాన్సాక్షన్ అంటే ఏమిటో అప్పుడు చూపించాను. మార్పు చేస్తాం, ఎన్ని వరుసలు మారాయో చూస్తాం, సరిగ్గా ఉంటే కమిట్ అంటాం, లేకపోతే రోల్‌బ్యాక్ అంటాం. కమిట్ అనే దాకా ఏదీ ఖాయం కాదు.

"అంటే కమిట్ అన్నంక వాపస్ లేదు."

లేదన్నాను.

"షాదీ లెక్క."

ఆ గదిలో నేను నవ్విన సందర్భాలు ఎక్కువ లేవు. అది ఒకటి.

మధ్యాహ్నానికల్లా అసలు డేటాబేస్‌లో ఇంటి నంబర్లన్నీ వాటి రూపానికి వచ్చాయి. ఊళ్ల పేర్లు సరళ దిద్దినట్టే ఉన్నాయి. కమిట్ ఆమే నొక్కింది. ఆ తరువాత నేనున్నంత కాలం ఆ గదిలోనే పనిచేసింది. నేను వచ్చేసేనాటికి అప్లికేషన్‌లో చిన్న చిన్న పేజీలు తానే రాస్తోంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఏ పరికరం మంచిదని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. పరికరాలు మారుతూ ఉంటాయి కాబట్టి వాటి పేర్లు చెప్పను. తరలించాల్సిన ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో చూడమంటాను. స్ప్రెడ్‌షీట్ తప్పనిసరైతే ప్రతి గడినీ అక్షరాలుగానే తీసుకోమని దానికి ముందే చెప్పమంటాను. ముట్టుకోని ప్రతి ఒకటి ఉంచుకోమంటాను.

నా మట్టుకు నేను ఆ సోమవారం తరువాత ఒక పని అదనంగా చేశాను. వరుసల లెక్క సరిపోయిందని ఏ తరలింపు మీదా సంతకం పెట్టలేదు. ఆ రికార్డుతో రోజూ పనిచేసేవాళ్లను, అంటే డ్రైవర్‌నో నర్సునో కౌంటర్ గుమాస్తానో, పిలిచి కొత్త తెర ముందు కూర్చోబెట్టి, ఒక పూట వాళ్ల పని దానిమీదే చేయించాను. ఆ పూట గడిచాకే సంతకం పెట్టాను.