నడిమింటి మీద చౌడు మట్టి

మా చిన్నప్పుడు... రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారే, రోళ్ల సంగతి నాకు తెలియదు గానీ మా మట్టిమిద్దె మాత్రం పగిలేది. చినుకు పడకముందే ఊరంతా బండ్లు కట్టి, వంక దగ్గర్నుంచి చౌడు మట్టి తోలుకొచ్చి మిద్దెల మీద పోసేవాళ్లు. చౌడు పోసి బాగా తొక్కితే ఇంట్లోకి చుక్క నీళ్లు దిగవు. మాది పులివెందులకూ తొండూరుకూ మధ్య ఒక చిన్న పల్లె. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్త రోజులు అవి...

చౌడు పోసే రోజు పిల్లలకు పండగే. తొక్కడానికి మమ్మల్నే ఎక్కించేవాళ్లు. నేనూ, మా పెదనాయన కూతురు సుబ్బక్కా చేతులు పట్టుకుని మిద్దె ఈ కొస నుంచి ఆ కొస దాకా తొక్కేవాళ్లం. అప్పుడు ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే.

తర్వాత మా నాయనకూ పెదనాయనకూ చెడింది. బావి దగ్గర ఎద్దులతో నీళ్లు తోడే కపిల వంతు మీద మాటా మాటా పెరిగిందట. భాగాలు పంచుకుని వాకిట్లో అడ్డగోడ కట్టుకున్నారు. అంతటితో ఆగారా? మిద్దె మీద కూడా మోకాలెత్తు మట్టిగోడ లేపారు... మా మగవాళ్ల పౌరుషానికి నేల చాలలేదు మరి.

ఆ గోడ కింద సరిగ్గా నడిమిల్లు, ఇంటి మధ్య గది. అది ఎవరి భాగానికీ పోలేదు. మా నాయన వాళ్లమ్మ, మా అవ్వ బతికినన్నాళ్లు ఆమెదేనని ఊరి పెద్దమనుషులు చెప్పారు. దానికి రెండు పక్కలా రెండు తలుపులు. ఈ తలుపులోంచి నేను, ఆ తలుపులోంచి సుబ్బక్క దూరి అవ్వ మంచం మీద కలుసుకునేవాళ్లం. పొద్దున మా ఇంటి సంగటి, సాయంత్రం వాళ్లింటి జొన్నరొట్టె... ఇద్దరు కోడళ్లకూ వంక పెట్టకుండా తినేది మా ముసలమ్మ.

మొదటి వానకే అవ్వ మంచం మీద కారింది. పైన గోడ మొదట్లో, గోడా మిద్దే కలిసే మూలలో చీలిక పట్టింది. దానికి ఏం చేయాలో మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. పాత చౌడు చెక్కి దించేసి, ఆ మూల వెంబడి బెల్లం నీళ్లు కలిపిన సున్నం వాలుగా మెత్తి, పైన కొత్త చౌడు పోయాలి. అయితే గోడకు రెండు పక్కలా ఒకేసారి చేయాలి. ఒక్కరే మట్టి దించితే వాళ్ల పక్క పల్లమై, అవతలి పక్క నిలిచిన నీళ్లు గోడ నానబెట్టుకుని ఇటే దిగుతాయి.

అందుకని ఎవరూ దించలేదు. మా నాయన పాతదాని మీదే ఇంకో బండెడు చౌడు పోసి, వాలు అటు తిప్పాడు. మరుసటి ఏడు పెదనాయన తన పక్క రెండు బండ్లు పోసి ఇటు తిప్పాడు. ఇట్లా ఏటేటా మిద్దె లావెక్కుతూ పోయింది, గోడ పొట్టిదవుతూ వచ్చింది. గోడ కనబడకుండా పోతే ఇద్దరి పరువూ పోతుంది కదా... దాన్ని మళ్లీ ఎత్తారు.

అవ్వ ఇద్దరికీ చెప్పి చూసింది. ఒకనాడు కలిసి మిద్దెక్కండి, ఒక్క పూట పని అని బతిమాలింది. ముందు ఆయన దించితే తర్వాత నేను దించుతానని ఇద్దరిదీ ఒకటే మాట. ఒక కడుపున పుట్టినవాళ్లు, పోలికలు ఎక్కడికి పోతాయి? పోనీ మా పక్క పడుకో రమ్మని నాయన పిలిచాడు. మా పక్కకు రమ్మని పెదనాయనా పిలిచాడు. నాయన పిలిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఒగ పక్కకు పోతే రెండోవాడు నాకు లేనట్లేనప్పా. తడిసినా ఈడనే ఉంటా" అంది అవ్వ.

అట్లాగే ఉంది. వానొస్తే మంచం ఇటు జరిపేది, అటు జరిపేది, కారేచోట సత్తుగిన్నె పెట్టేది.

ఒక ఏడు చిత్త కార్తెలో ముసురు పట్టింది. రోజుల తరబడి ఎడతెరిపి లేదు. అన్నేళ్ల చౌడు నీళ్లు తాగి నానితే దూలం మాత్రం ఎంత బరువని మోస్తుంది... పొద్దున అమ్మ సంగటి గిన్నె చేతికిచ్చి అవ్వకు ఇచ్చి రమ్మంది. నేను నడిమింటి తలుపు దాకా పోకముందే లోపల పెద్ద చప్పుడైంది. తడి మట్టి గడప దాటి నా కాళ్ల దాకా జారుకుంటూ వచ్చింది.

ఈ తలుపు నుంచి నాయన, ఆ తలుపు నుంచి పెదనాయన దూకారు. పార వేస్తే అవ్వకు తగులుతుందని చేతులతోనే మట్టి తోడారు. మధ్యలో విరిగిన దూలం అడ్డం పడి ఉంది. విడిపోయాక పెదనాయన మా నాయనతో మాట్లాడిన మొదటి మాట అదే.

"ఆ కొస పట్టుకోరా."

ఇద్దరూ కలిసి దూలం ఎత్తారు. అవ్వ అప్పటికే పోయింది.

ఊరివాళ్లు అవ్వను బయటికి తెచ్చి పడుకోబెట్టాక కూడా ఇద్దరూ లోపల మట్టి తోడుతూనే ఉన్నారు. ఇంకేం తోడతారప్పా అని ఎవరో వచ్చి చేతులు పట్టుకుని ఆపారు. అంతా కలిసిపోయి ఒకటే కుప్పగా ఉంది. అందులో మేం పోసిందేదో వాళ్లు పోసిందేదో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత అన్నదమ్ములు విడిచి ఉన్నది లేదు. వాకిట్లో గోడ కూలదోశారు. పంటయినా పెళ్లయినా ఇద్దరూ కలిసే చేశారు. అన్నదమ్ములంటే వీళ్లూ అని ఊరు మెచ్చుకునేది. నాకు మాత్రం కోపం వచ్చేది... ఇన్నేళ్లయినా ఇప్పటికీ వస్తుంది. ఒక్క పూట పని.

ఇప్పుడు మా ఊళ్లో అన్నీ సిమెంటు మిద్దెలే. చౌడు తోలే బండ్లూ లేవు, తొక్కే పిల్లలూ లేరు. ఎక్కడైనా కారితే ఎవరో వచ్చి ఏదో మందు పూసి పోతారు. పక్కింటివాళ్లను ఒక మాట అడిగే పనే లేదు...

మీరూ మిద్దె మీద చౌడు తొక్కిన వాళ్లయితే కింద రాయండి, కూర్చుని చదువుకుంటాను. తోడబుట్టినవాళ్లతో మాటలు లేనివాళ్లు ఎవరైనా ఉంటే మాత్రం నాకేమీ రాయొద్దు... మీ అమ్మ ఉండగానే ఒకసారి వాళ్లింటికి పోయి రండి.