కనుబొమల మధ్య సూది

ఆ పెళ్ళి వీడియో చూడకపోయి ఉంటే నేను సూది జోలికి పోయేదాన్ని కాదు. మా పిన్ని కూతురి పెళ్ళి. అందరూ పళ్ళికిలిస్తుంటే నేనొక్కదాన్నే వంటవాణ్ణి తిట్టడానికి వచ్చినదానిలా నిలబడి ఉన్నాను. నిజానికి ఆ పూట నేను చాలా సంతోషంగా ఉన్నాను. కనుబొమల మధ్య రెండు గీతలు, నలభై దాటకముందే అంత లోతుగా దిగిపోయాయి. నేను పాఠం చెప్పే కాలేజీలో పిల్లలు నాకేం పేరు పెట్టారో కూడా తెలుసు. అది మాత్రం చెప్పను.

తిరుపతిలో కొత్తగా వచ్చిన ఒక చర్మం డాక్టరు ముడతలకు బొటాక్స్ సూదులు వేస్తున్నాడని స్టాఫ్ రూములో విన్నాను. వడమాలపేటలో మా ఇంట్లో అప్పుడు నేనూ మా అత్తా ఇద్దరమే. మా ఆయనకు గూడూరులో రైల్వే ఉద్యోగం, ఆదివారాలు వచ్చేవాడు. ముఖం నున్నగా చేయించుకోవడానికి పోతున్నానని అత్తకు చెప్పడానికి నోరు రాలేదు. తలనొప్పిగా ఉంది, డాక్టరుకు చూపించుకుని వస్తానన్నాను.

డాక్టరు సన్నటి సూదితో కనుబొమల మధ్య అక్కడక్కడా పొడిచాడు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. "ఈ రోజంతా అక్కడ రుద్దకండమ్మా. వెంటనే పడుకోకండి. మందు పక్కకి జారితే రెప్ప వాలుతుంది" అని చెప్పి పంపించాడు. బుద్ధిగా తలూపి బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి అత్త సానరాయి మీద శొంఠి అరగదీసి పెట్టుకుని నా కోసం కూర్చుని ఉంది. మా ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా ఆమె వైద్యం అదే.

"మాత్రలతో ఏమయితాది? రా, ఈడ పండుకో."

"వద్దత్తా, తగ్గిపోయింది."

"సూడు, ముగమంతా వాడిపోయుండాది. తగ్గిందంట! పండుకో."

తలనొప్పి అని చెప్పి పోయినదాన్ని, ఏమని తప్పించుకునేది? ఆమె నా తల ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో కనుబొమల మధ్య అదిమి అదిమి రుద్దింది. సిగ్గు విడిచి చెప్పాలంటే హాయిగా ఉంది. అలాగే నిద్రపోయాను.

కొన్నాళ్ళకు ఒక ఉదయం అద్దంలో చూస్తే గీతలు పోయాయి, ఎడమ రెప్ప సగం వాలిపోయి ఉంది. అత్త చూసి గుండెలు బాదుకుంది. పక్షవాతమే అనుకుంది. నేను నోరు తెరిచేలోపే వాకిట్లోకి పోయి, కొండ దిక్కు తిరిగి, చేతులు జోడించి, కోడలి కన్ను తెరుచుకుంటే తలనీలాలు ఇస్తానని మొక్కేసింది.

ఆమె జుట్టు సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. అరవై దాటినా నడుం కిందికి దిగే జడ. ఆ జడ మీద ఆమెకు ఎంత మోజంటే, మా మామ బతికున్నప్పుడు ఆయనకు పెద్ద ఆపరేషన్ అయితే కూడా దేవుడికి జడ చివర మూడు కత్తెర్లతోనే సరిపెట్టింది.

డాక్టరుకు ఫోన్ చేస్తే, భయం లేదు, కొన్ని వారాలకు రెప్ప దానంతటదే లేస్తుందన్నాడు. ఆ మాట అత్తకు చెప్పలేదు. చెబితే సూది సంగతి చెప్పాలి. రోజూ ఆమె దీపం దగ్గర నా కన్ను కోసం ఏడుస్తుంటే పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసేది. అయినా చెప్పలేదు.

రెప్ప లేచింది. ఆ వారంలోనే కొండకు పోదామంది అత్త. ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటూనే పైకి చేరుకున్నాను. కల్యాణకట్టలో వరుస కదులుతోంది. ఆమె జడ విప్పుకుంటుంటే ఇక ఆగలేక, తలనొప్పి అబద్ధమనీ, గీతలు పోవడానికి సూది వేయించుకున్నాననీ, దానివల్లే రెప్ప వాలిందనీ, దానంతటదే లేచిందనీ గబగబా చెప్పేశాను. "మొక్కు వద్దత్తా, పోదాం రా" అని చెయ్యి పట్టుకున్నాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆమె నా నుదురు వైపే కాసేపు చూసింది.

"ఆ సూది ఏసినంక రుద్దొచ్చునా?"

అది మాత్రం అడుగుతుందనుకోలేదు. "రుద్దితే ఏం కాదత్తా" అన్నాను. ఆ మాట ఎంత తొందరగా అన్నానంటే, నేను అబద్ధమాడుతున్నట్టు పక్కనున్నవాళ్ళకు కూడా తెలిసిపోయి ఉంటుంది.

ఆమె నా చెయ్యి విడిపించుకుని వరుసలో ముందుకు పోయింది. క్షురకుడి ముందు కూర్చుని తల వంచింది. నీళ్ళు చల్లాడు, బ్లేడు పెట్టాడు. అంత జుట్టూ ఆమె ఒళ్ళోకీ నేల మీదకీ జారిపోయింది. పక్కనున్న వాళ్ళెవరో "ఎంత జుట్టో" అన్నారు.

తలకు గంధం పూసుకుని బయటికొచ్చింది. కొంగు తల మీదకి లాక్కుంటూ నా దగ్గరికొచ్చి, నా కళ్ళలోకి చూడలేక పక్కకు చూస్తూ అంది:

"నాకు తెలీకపాయె పాపా. అంత గట్టిగా రుద్దకుండా ఉంటే బాగుండు. నా మీద కోపం పెట్టుకోవాకు."