మైక్ బంద్ ఉందనుకున్న

మోత్కూర్‌ల మా వాడకు వచ్చి "ఉప్పు మేడం ఇల్లు యాడ?" అని అడుగుండ్రి. అడిగినోళ్లను మా గడప దాక తోలుకొచ్చి, నవ్వుకుంట పోతరు. గా ఉప్పు మేడంను నేనే. నా అసలు పేరు సునీత అన్న సంగతి మా అమ్మకు, ఆధార్ కార్డుకు తప్ప ఇంకెవ్వరికి యాదికి లేదు. గీ పేరు నాకు ఎట్ల పడ్డదో, అన్నేండ్లు చదివి సంపాయించుకున్న ఇజ్జత్ ఒక్క పూటల ఎట్ల ఊడ్చుకపోయిందో చెప్త. మీరు నవ్వుతరని తెల్సు. నవ్వుండ్రి, నాకు అలవాటైంది.

నా కొలువు పేటెంట్ ఆఫీసుల. ఎవరన్న కొత్త వస్తువు కనిపెట్టి "ఇది నాది, నన్నడగకుంట ఇంకొకరు చెయ్యొద్దు" అని హక్కు అడుగుతరు. అది నిజంగ కొత్తదా, అందరికి తెలిసిందేనా అని పరీక్ష చేసి చెప్పుడు మా పని. మా తాత కూలికి పోయినోడు, మా బాపు నీళ్ల ట్యాంకు కాడ పంపు ఆపరేటరు. ఇంట్ల మొదటి ఆఫీసరును నేనే. మా అమ్మ ఆ ముచ్చట వాడంత చాటింది. కాకపోతే పేటెంట్ అనేది ఆమె నోట్ల పడి పేషెంట్ అయింది. నేను సెలవుకు వస్తే చాలు, ముసలోళ్లు మా అరుగు మీద మోకాళ్లు చాపుకొని కూసునేటోళ్లు.

"పేషెంట్ల ఆఫీసరువట గద బిడ్డా, జర గీ మోకాలు చూడరాదు?"

"నేను డాక్టర్‌ను కాదవ్వా."

"డాక్టర్ మీద ఆఫీసరువు గద!"

చూసి, నూనె రాయమని పంపుతుంటి.

కొలువుల కొత్తగ చేరిన రోజులల్ల నా ముందటికి ఒక దరఖాస్తు వచ్చింది. పాలమూరు దిక్కు ఆంప్లిఫయర్లు, మైకులు తయారు చేసే రాఘవులు అనే ఇంజినీరు పెట్టుకున్నడు. ఆయన కనిపెట్టింది ఒక నొక్కుడు బటన్. మామూలు మైక్ బటన్ ఒకపారి నొక్కితే ఆన్ అయితది, ఇంకోపారి నొక్కితే బంద్ అయితది. నొక్కినంక మళ్ల ఎప్పటి లెక్కనే పైకి వస్తది గనుక ఇప్పుడు ఆన్‌ల ఉన్నదా బంద్ ఉన్నదా పట్టుకొని చూస్తే తెల్వది. రాఘవులు బటన్ అట్ల గాదు. ఆన్‌ల ఉన్నంతసేపు లోపటికే దిగి ఉంటది, బంద్ అయితే పైకి లేస్తది, పైన గరుకుగ తగులుతది. కండ్లు మూసుకున్నా వేలికి తెలుస్తది.

చిన్న ఉపాయమే గని మంచి ఉపాయం. అసుంటిది ఇంతకుముందు ఎవరన్న చేసిన్రా అని ప్రపంచమంత వెతికిన. దొరకలే. దొరకకపోతే దొరకలేదని రాయాలె గద? కొత్త ఆఫీసరుకు గట్ల రాయాలంటే నామోషీ. అభ్యంతరం లేని రిపోర్టు నాకు ఉప్పు లేని పప్పు లెక్క అనిపించింది. గందుకని ఇట్ల గీకిన: "తెలివి ఉన్న ఏ మనిషికైనా తన చేతిలోని మైకు పనిచేస్తున్నదో లేదో తెలియకపోదు. లేని సమస్యకు పరిష్కారం కనిపెట్టుట నూతన కల్పన కానేరదు."

"కానేరదు!" ఆ మాట రాసి కుర్చీల వెనుకకు ఒరిగి నన్ను నేనే మెచ్చుకున్న.

ఆ రిపోర్టు పంపి, మా వాడ చర్చి వార్షికోత్సవానికి సెలవు పెట్టి ఊరికి వచ్చిన. వాడ మొత్తం మీద కేంద్ర సర్కారు కొలువు నాదే గనుక వందన సమర్పణ నన్నే చెయ్యమన్నరు. నారాయణపేట చీర కట్టుకొని, స్టేజీ మీద ఒక పక్కకు, పెద్ద కూలరు చాటున కూసున్న. నా పక్కన మా పెదనాయిన కోడలు సుగుణ వదిన. కూలరు చప్పుడు ఎంతంటే లారీ పక్కన కూసున్నట్టే. లౌడ్‌స్పీకర్లు స్టేజీ మీద లేవు, బయట రోడ్డు మీద వేసిన టెంటు కింద జనం దిక్కు మూతి పెట్టి కట్టిన్రు. అటు ఏం వినపడుతాందో మాకు తెల్వది.

పాట పాడిన పిల్ల తన చేతిల మైక్ నాకిచ్చి పోయింది. పోయే ముందు ఆ పిల్ల బటన్ నొక్కి బంద్ చేసిందంట. నేను చూడలే. బంద్ చేస్తే మంచిదని నేను గూడ టక్కున నొక్కిన. నొక్కి ఒళ్లె పెట్టుకున్న.

సదువరులారా, మీకు అర్థమైంది. నాకు కాలే.

ముఖ్య అతిథిగ వచ్చిన నాయకుడు వేరే మైక్ పట్టుకొని మాట్లాడుడు మొదలుపెట్టిండు. "అక్కలారా, అన్నలారా, రెండు ముక్కలు మాట్లాడి సెలవు తీసుకుంట" అన్నడు.

నేను వదిన చెవుల, "రెండు ముక్కలని మొదలుపెట్టినోళ్లు పొద్దుగూకితే గని దిగరు" అన్న.

జనం ఒక్కటే నవ్వుడు. నాయకుడు తన మాటకే అనుకొని మురిసిండు. "ఈ వాడతోని నాది విడదీయలేని బంధం!" అన్నడు గొంతు పెంచి.

"మరి ఇందాక కారు దిగి ఇది ఏ వాడ అని డ్రైవర్‌ను అడిగిండేంది?" అన్న వదినతోని.

టెంటు కింద చప్పట్లు, ఈలలు. నాయకుడు ఆగుతడా? అంత మంచి జనం ఆయనకు యాడ దొరకాలె! జేబులకెళ్లి చేతి రుమాలు తీసి చెమట తుడుచుకొని, ఒక్కొక్క మాట అని జనం దిక్కు చూసుడు, ఆయన ఆగిన కాడల్లా నేను ఒక మాట అనుడు. జోడెడ్లు కట్టినట్టు ఇద్దరం కలిసి సభ నడుపుతున్నం. ఆ ముచ్చట మాకిద్దరికి తప్ప ఊరందరికి తెల్సు.

"ఇయ్యాల జనం భలే ఖుషీగ ఉన్నరు వదినా" అన్న.

"భోజనాలు కాలే గద, గందుకే" అన్నది వదిన. "అత్తమ్మ వండిన మటన్ నువ్వు రుచి చూసినవా?"

అత్తమ్మ అంటే మా బాపు అక్క మరియమ్మ. చర్చి వంటంటే ఆమెదే. నేను నల్లగొండల హాస్టల్ల ఉండి చదివిన రోజులల్ల ఆదివారం ఆదివారం బస్సెక్కి టిఫిన్ డబ్బల కూర తెచ్చి తినిపించి పోయేది. అసుంటి మనిషి కూర గురించి నేను ఏమన్ననో చూడుండ్రి:

"చూసిన వదినా! సాగర్ డ్యాముల నీళ్లన్ని తాగినా ఆ ఉప్పు దిగదు. అత్తమ్మకు చెప్పేటోళ్లు ఎవరు? చెప్తే గంటె తోని కొడ్తది!"

సరిగ్గ గప్పుడే కరెంటు పోయింది. కూలరు ఆగింది. మైక్ సెట్టు మాత్రం బ్యాటరీ మీద నడుస్తాంది. ఆ నిశ్శబ్దంల నేను వదిన తోని, "ఏందే, గిట్ల అయింది?" అన్న. రోడ్డు దిక్కుకెళ్లి ఒక ఆడామె గట్టిగ "ఏందే, గిట్ల అయింది?" అన్నది.

"ఎవరో గని వదినా, అచ్చం నా లెక్కనే మాట్లాడుతాంది" అన్న.

"అచ్చం నా లెక్కనే మాట్లాడుతాంది" అన్నది రోడ్డు.

సుగుణ వదిన నా ఒళ్లె ఉన్న మైక్ దిక్కు చూసింది. నేను వదిన దిక్కు చూసిన. నాయకుడు మా ఇద్దరి దిక్కు చూసిండు. ఆయన ముఖంల అప్పటిదాక ఉన్న వెలుగు గూడ కరెంటు తోనే పోయింది. మా బాపు చేతులు జోడించుకుంట ఆయన ఎనుక కారు దాక ఉరికిండు. మా అమ్మ మాత్రం కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతాంది.

వంటల కాడికి పోయిన. అత్తమ్మ గంటె పట్టుకొనే ఉంది. కొడ్తదేమో, ఒక దెబ్బ తోని పోతదనుకున్న. కొట్టలే. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్.

"ఉప్పెక్కువైతే నాకు చెప్పరాదా బిడ్డా? ఊరందరికి ఎందుకు చెప్పినవ్?"

"మైక్ బంద్ ఉందనుకున్న అత్తమ్మా."

"గంత చదివినవ్, బటన్ తెల్వదా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలే. "తప్పైంది" అన్న. ఆమె ముక్కు చీది, కూర బకెటు నా చేతిల పెట్టి, "పో, నువ్వే వడ్డించు. నాకు ముఖం లేదు" అన్నది. వడ్డించిన. బంతిల కూసున్న ప్రతి మనిషి తల ఎత్తి "ఉప్పు ఎట్లుంది మేడం?" అని అడిగినోళ్లే. చివరికి ఆ కూర బకెటు అడుగంటింది. ఎక్కువైందన్న ఉప్పును నాకుకుంట తిన్నరు జనం. అది చూసి అత్తమ్మ జర చల్లబడ్డది, "నీ నాలికకే ఏదో రోగం ఉంది" అని తేల్చింది.

కథ గింతతోని అయిపోతే బాగుండు. ఎవడో ఫోన్ల వీడియో తీసిండు. అండ్ల నాయకుడు కనపడ్తడు, నేను కూలరు చాటున ఉన్న గనుక గొంతు మాత్రం ఇనపడ్తది. అది నల్లగొండ దాటి, పాలమూరు దాటి, అలంపూర్ దాక పాకింది. అక్కడున్న మా చుట్టమామె నాకే పంపి "ఈ పిచ్చిది ఎవరే?" అని అడిగింది.

మళ్ల కొలువుకు పోయిన. రాఘవులు నా అభ్యంతరం మీద విచారణ అడిగిండు. వీడియోల విచారణ. ఈ దిక్కు పేటెంట్ ఇయ్యాల్నా వద్దా అని తేల్చే మా కంట్రోలర్ సారు, ఆయన గోదావరి దిక్కు మనిషి, పక్కన నేను. ఆ దిక్కు రాఘవులు, టై బిగించుకొని కూసున్నడు.

"తెలివి ఉన్న మనిషికి మైక్ ఆన్‌ల ఉన్నదో లేదో తెలుస్తదని మేడం రాసిన్రు" అన్నడు. "తెలివి ఉన్నోళ్ల సంగతి నాకు తెల్వది సార్. లేనోళ్లు ఎట్లుంటరో ఒక వీడియో చూపిస్త."

అదే వీడియో. నాయకుడు, బంధం, డ్రైవరు, సాగర్ డ్యాము. సారు కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకొని నవ్విండు.

"ఎవరండీ ఈవిడ?"

"తెల్వది సార్. కానీ నా బటన్ ఉంటే పాపం ఆమెకు గీ గతి పట్టకపోవు."

సారు నా దిక్కు తిరిగి, "ఏమ్మా, నీ అభిప్రాయం చెప్పు" అన్నడు. నోరు తెరిస్తే గొంతు గుర్తుపడ్తరు. నేను గొంతు పోయిందన్నట్టు దాని మీద చెయ్యి పెట్టుకొని దగ్గిన.

"పొద్దున క్యాంటీన్‌లో బానే మాట్లాడావుగా?" అన్నడు సారు, తన మైక్ బంద్ చేసుకొని.

ఇగ తప్పేటట్టు లేదు. సారుకు ఒక్కనికి నిజం చెప్పుకుంటే ఆయనే గట్టెక్కిస్తడనిపించింది. బల్ల మీద ఎవరి మైక్ వాళ్ల ముందట ఉంటది, నా మైక్‌కు గూడ ఒక గుండ్రటి బటన్ ఉంటది. బంద్ చేద్దామని దాన్ని మెల్లగ నొక్కిన. సారు చెవి కాడ వంగి, "సార్, గా గొంతు నాదే. ఆ సంగతి ఆయనకు తెల్వనియ్యకుండ్రి, అభ్యంతరం వాపస్ తీసుకుంట" అన్న.

సారు ఏదో అనబోయిండు. అంతల్నే తెర మీద రాఘవులు టై సరి చేసుకొని, చాన మర్యాదగ అన్నడు:

"మేడం, మీ మైక్ ఇప్పటిదాక బందే ఉండె. ఇప్పుడే ఆన్ అయింది."

ఆయనకు పేటెంట్ వచ్చింది. రిపోర్టుల కానేరదు అన్న మాట కొట్టేసింది నేనే. ఆ రోజు ఆఫీసు బాత్రూంల అద్దం ముందట నిలబడి, ఎడమ చెయ్యి గుండె మీద, కుడి చేతి చూపుడు వేలు పైకి పెట్టి, బైబిలు సాక్షిగ, భారత రాజ్యాంగం సాక్షిగ ప్రమాణం చేసిన: గీ వేలు ఇంక జన్మల ఏ మైక్ బటన్‌ను తాకదు. తాకాల్సే వస్తే, నొక్కినంక చుట్టుపక్కల ఉన్న మనుషులందరిని, గోడలను గూడ, పొగుడుతనే ఉంట.