ఏనుగులకని వదిలిన వెదురు

ఏనుగు ముందరి పాదం చుట్టుకొలతకు రెండింతలు దాని ఎత్తు ఉంటుందని లైబ్రరీలో చదివిన నాటి నుంచి, నిజమైన పాదముద్రను దారంతో కొలవాలని నా కోరిక. అందుకే శనివారం ఉదయం ఆరింటికి, పట్నంలోని కలాసిపాళ్యం మార్కెట్లో కూరగాయలు దించి తిరిగిపోతున్న మునియప్ప ఎద్దుబండి ఎక్కాను. మా కొట్టుకు ఏటా చింతపండు వేసే రైతు. ఊరు ఆనేకల్ తాలూకాలో, రిజర్వు అడవి అంచున.

జిగణి దగ్గర ఎద్దులకు నీళ్లు పెట్టి, రాగిముద్ద తిన్నాం. రిజర్వు అడవిలో ఎండుపుల్ల కూడా ముట్టరాదని, అటవీ చట్టం చదివినవాణ్ణి కాబట్టి చెప్పాను.

"ఆ చట్టం మాకే ఉండాదప్పా" అన్నాడు మునియప్ప.

పదకొండున్నరకు చేరేసరికి అర్థమైంది. అడవి అంచంతా మోడులు. మట్టి కప్పిన బట్టీల్లో కట్టెలు బొగ్గవుతూ పొగలు కక్కుతున్నాయి. నరికిన వెదురు బండ్లకెక్కుతోంది.

"మా తాతలనాటి నించి ఈ వెదురుకు కత్తి పెట్టింది లేదు. ఏనుగులకని వదిలేస్తిమి. ఇక్కడ కడుపు నిండితే రాగిలోకి దిగవు" అన్నాడు మునియప్ప.

వెన్ను వేసిన అతని రాగిచేను పక్కనే ఉంది. ఏడాది తిండి అది. గట్టున కొత్త పాదముద్ర కనిపించగానే దారం తీశాను. లెక్క కట్టి, తొమ్మిదడుగుల ఏనుగన్నాను.

"ఎంత ఎత్తైతే నాకేమప్పా? మొగం ఎటు పెట్టిందో చూడు."

పాదం చేను వైపే ఉంది.

కాపలాకు మంచె కట్టుకోవాలని అతను రెండు వెదురుబొంగులు ఎత్తాడు. వెంటనే ఫారెస్టు గార్డు వచ్చి లాక్కున్నాడు.

"ఏనుగులకని వదిలిన వెదురు బండ్ల కొద్దీ పోతుంటే రెండు బొంగులకు అడ్డమా?" అన్నాను.

"కంట్రాక్టరుకు పర్మిట్టు ఉండాది. ఏనుగులకు అడివిని వీళ్ల తాత రాసిచ్చినాడా?"

చట్టం సెక్షన్లతో సహా చెప్పాను. "చదివినోళ్లు పట్నంలో ఉండాల సామీ" అని గార్డు నవ్వాడు. బొంగులు బండికెక్కాయి. మునియప్ప నా వైపు చూడలేదు.

నాలుగింటి బస్సుకు టికెట్టు ఆరణాలు. మిట్ట ఎక్కలేక బస్సు ఆగింది. డ్రైవరు దిగి, వెనక బిగించిన ఇనుప పీపాలో బొగ్గు పోసి నిప్పు ఎగదోశాడు. పెట్రోలు యుద్ధానికి పోయాక ఇప్పుడు బస్సులన్నిటికీ ఈ బొగ్గు గ్యాసే తిండి.

"మంచి బొగ్గు సామీ, ఈ అడివిదే" అన్నాడు కండక్టరు.

నేను దిగిపోలేదు. సాయంత్రం ఆరున్నరకు కొట్టు తెరవాలి. ఆ సిగ్గు కూడా నేనిది రాస్తున్న కోపంలో ఉంది.

ఏనుగులను చూడాలనుకునే పాఠకులు ఇక అడవిలోకి పోయే శ్రమ పడనక్కర్లేదు. రాగి కోతల ముందు మునియప్ప చేనికి వెళ్లండి.